సైటు వేగమెంతో... కస్టమరు ఫోన్లో చూడండి!

పూతరేకుల దుకాణం నుంచి ప్రైవేటు కాలేజీ దాకా ఇవాళ అందరికీ ఓ వెబ్‌సైట్ ఉంది. దాన్ని నడిపే బాధ్యత మాదంటూ నెలకింతని తీసుకునే ‘మేనేజ్డ్ హోస్టింగ్’ కంపెనీలకూ కొదవ లేదు. ఎవరినడిగినా తమదే మెరుపు వేగం అంటారు. ఆ మాట నమ్మి డబ్బు కట్టడమా, కొలిచి చూసుకుని కట్టడమా? కొలిస్తే ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎలా? తణుకు లాంటి ఊళ్లో కూర్చుని ఎవరైనా చేసుకోగల పరీక్షలివి.

సంక్రాంతి నెల పట్టిందంటే గోదావరి జిల్లాల కొరియర్ ఆఫీసుల్లో అట్టపెట్టెలు గుట్టలు పడతాయి. తణుకు నుంచి సిద్ధాంతం వంతెన దాటి, రావులపాలెం మీదుగా వెళ్తే వచ్చే ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పూతరేకులూ, తాపేశ్వరం కాజాలూ, ఇంట్లో చుట్టిన సున్నుండలూ, అరిసెలూ, నర్సాపురం లేసు అల్లికలూ ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుకే కాదు, డల్లాస్, న్యూజెర్సీలకూ వెబ్‌సైట్ ఆర్డర్ల మీద వెళ్తున్నాయి. అమ్మకాల మాట అటుంచినా, కోళ్లఫారం రైతు పొద్దున్నే చూసే గుడ్డు ధర, పిల్లాడి పరీక్షా ఫలితం, తిరుమల దర్శనం టికెట్టు... అన్నీ ఏదో ఒక సైటు సమయానికి తెరుచుకోవడం మీదే ఆధారపడ్డాయి.

అది తెరుచుకోని రోజున దుకాణం యజమానికీ, సైటు తయారుచేసిన కుర్రాడికీ మధ్య నడిచే సంభాషణ ఇంచుమించు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

“బాబూ, సైటు తిరుగుతూనే ఉందంట. డల్లాస్ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది.”

“నా ఫోన్లో ఠక్కున వచ్చేస్తోందండి. కావాలంటే మీరూ చూడండి.”

“నాకూ వస్తోంది. మరి వాళ్లకెందుకు రావట్లేదయ్యా?”

“హోస్టింగ్ వాళ్లని అడిగానండి. మా వైపు అంతా బాగానే ఉందన్నారు.”

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కుర్రాడి ఫోన్లో ఆ సైటు ఫొటోలు అప్పటికే దాచిపెట్టి ఉన్నాయి కాబట్టి వెంటనే వచ్చింది. హోస్టింగ్ కంపెనీ తన గదిలోని యంత్రాన్ని చూసుకుని బాగుందంది. మేనకోడలు మాత్రం వేల మైళ్ల అవతల, పండగ రద్దీలో, తొలిసారి ఆ పేజీ తెరిచింది. డబ్బు కట్టాల్సింది ఆవిడే. అంటే లెక్కలోకి తీసుకోవాల్సిన వేగం ఆవిడ చేతిలో ఉన్న ఫోన్లోదే. హోస్టింగ్‌ను అంచనా వేయడంలో తొలి సూత్రమూ, ఆఖరి సూత్రమూ అదే: కొనేవారి చోటు నుంచి చూడాలి, రద్దీ రోజున చూడాలి.

నెల అద్దెకు ఏమొస్తుంది?

ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగుకు పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. మన ఊళ్లలో చిన్న దుకాణాలు, స్కూళ్లు, ఆసుపత్రుల సైట్లు చాలావరకు దీంతో చేసినవే. సాఫ్ట్‌వేర్ ఉచితమే అయినా, దాన్ని పెట్టుకోవడానికి సర్వర్ కావాలి.

అన్నిటికన్నా చవకైంది షేర్డ్ హోస్టింగ్. ఒకే సర్వర్‌ను వందల సైట్లు పంచుకుంటాయి. పక్క సైటుకు జనం ఎగబడితే మన సైటు నెమ్మదిస్తుంది. మొత్తం సర్వరో, అందులో కొంత భాగమో విడిగా తీసుకుంటే ఆ బాధ తప్పుతుంది కానీ, అప్‌డేట్లూ భద్రతా మనమే చూసుకోవాలి. ఈ రెంటికీ మధ్య దారి మేనేజ్డ్ హోస్టింగ్. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, రోజువారీ బ్యాకప్, హ్యాకర్ల నుంచి కాపలా, వేగం కోసం పేజీల నకళ్లు దాచిపెట్టే ఏర్పాటు, అర్ధరాత్రి అడిగినా బదులిచ్చే సిబ్బంది... ఇవన్నీ కలిపి నెలకింతని తీసుకుంటారు. అమెరికాలో 2010లో మొదలైన డబ్ల్యూపీ ఇంజిన్, 2013లో వచ్చిన కిన్‌స్టా ఈ పద్ధతికి పేరుపడ్డాయి. ఇప్పుడు మన దేశంలో సర్వర్లు పెట్టి ఇదే సేవ అందించే కంపెనీలు చాలా ఉన్నాయి.

అద్దె ఎక్కువ కాబట్టి వేగమూ ఎక్కువే అనుకుంటాం. అలా ఉండాలని లేదు. ఆ వేగంలో దూరం వాటా ఎంత, సర్వర్ ఆలోచించుకునే సమయం ఎంత, రద్దీ తట్టుకునే సత్తా ఎంత, మన పేజీ బరువు ఎంత అన్నది విడదీసి చూస్తేనే ఎవరికి ఎంత కట్టాలో తెలుస్తుంది.

వర్జీనియా నుంచి వేల్పూరుకు

గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తణుకు నుంచి సూటిగా గీత గీస్తే హైదరాబాద్ సుమారు 350 కిలోమీటర్లు, ముంబయి 950కి పైన, సింగపూర్ 3 వేలు. పెద్ద పెద్ద డేటా సెంటర్లు కొలువైన అమెరికాలోని వర్జీనియా 13 వేల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వెళ్లి రావడానికి కాంతికే 130 మిల్లీ సెకన్లు పడుతుంది. కేబుళ్లు వంకలు తిరుగుతాయి, దారిలో రూటర్లు ఆపుతాయి. దాంతో నిజంగా పట్టేది 200 నుంచి 250 మిల్లీ సెకన్లు.

సెకనులో పావు వంతే కదా అనిపిస్తుంది. తణుకు పక్కన వేల్పూరులో ఒకరు ఫోన్లో లింకు నొక్కితే ఏం జరుగుతుందో వరసగా చూడండి. ముందు సైటు పేరును బట్టి దాని చిరునామా వెతకాలి. అది దొరికాక సర్వర్‌తో కనెక్షన్ కలుపుకోవడానికి ఒకసారి వెళ్లిరావాలి. పేజీ పైన తాళం గుర్తు రావడానికి, అంటే రహస్య సంకేతాలు మార్చుకోవడానికి ఇంకోసారి. ‘పేజీ పంపు’ అని అడిగి తొలి ముక్క అందుకోవడానికి మూడోసారి. సర్వర్ వర్జీనియాలో ఉంటే ఈ మూడు రాకపోకలకే 750 మిల్లీ సెకన్ల దాకా అయిపోతాయి. ముంబయిలో ఉండి, ఒక్కో రాకపోకకు 40 మిల్లీ సెకన్లు పట్టిందనుకుంటే మొత్తం 120తో సరి. తొలి ముక్క 800 మిల్లీ సెకన్లలోపు రావాలన్నది గూగుల్ చెప్పే ప్రమాణం. వర్జీనియా సర్వర్ పని మొదలుపెట్టకముందే ఆ గడువు దాదాపు నిండిపోయింది!

దూరంతో ఇంకో చిక్కూ ఉంది. మన దేశాన్ని బయటి ప్రపంచంతో కలిపే సముద్ర కేబుళ్లు ఎక్కువగా ముంబయి, చెన్నై తీరాలకు చేరతాయి. 2025 సెప్టెంబరు 6న ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగితే భారత్ సహా ఎన్నో దేశాల్లో ఇంటర్నెట్ నెమ్మదించింది. ఐరోపాలో సర్వర్ పెట్టుకున్న ఊరి దుకాణానికి ఆ దెబ్బ తగులుతుంది. హైదరాబాద్‌లోనో ముంబయిలోనో పెట్టుకుంటే స్థానిక కొనుగోలుదారుకు ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు మనకు దగ్గర్లో సర్వర్లకు కొరత లేదు. అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయికి, 2022 నవంబరులో హైదరాబాద్‌కు వచ్చింది. గూగుల్ క్లౌడ్ 2017లో ముంబయిలో, 2021లో దిల్లీలో మొదలైంది. మేనేజ్డ్ హోస్టింగ్ కంపెనీలు చాలావరకు ఇలాంటి క్లౌడ్‌ల మీదే నడుస్తాయి. కొత్త సైటు తెరిచేటప్పుడు ‘సర్వర్ ఎక్కడ కావాలి’ అని ఒక వరస చూపిస్తారు. చాలామంది దాన్ని పట్టించుకోకుండా ముందుగా టిక్కు పెట్టి ఉన్న అమెరికానే ఉంచేస్తారు. పైసా ఖర్చు లేకుండా సైటు వేగం పెంచుకునే అవకాశం ఆ ఒక్క టిక్కులో పోతుంది.

మరి డల్లాస్ మేనకోడలి మాటేంటి? సైటులో మారని భాగాలను, అంటే ఫొటోలు, అక్షరాల ఫాంట్లు, డిజైన్ ఫైళ్లను ప్రపంచంలోని వందలాది ఊళ్లలో నకళ్లుగా ఉంచే ఏర్పాటు ఉంది. దాన్నే సీడీఎన్ అంటారు. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సంస్థలకు ముంబయి, చెన్నై, హైదరాబాద్‌లలోనూ అలాంటి కేంద్రాలున్నాయి. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఫొటోలు డల్లాస్ నుంచే వెళ్తాయి. అయితే బుట్టలో వేసుకోవడం, చిరునామా ఇవ్వడం, డబ్బు కట్టడం మాత్రం అసలు సర్వర్ దాకా రావాల్సిందే. అందుకే మీ కొనుగోలుదారులు ఏ ఊళ్ల వాళ్లో గూగుల్ అనలిటిక్స్‌లో ఒకసారి చూసుకోండి. ఎక్కువమంది ఎక్కడుంటే అసలు సర్వర్ అక్కడికి దగ్గర్లో, మిగతావారికి సీడీఎన్. ఇదీ సరైన లెక్క.

ఈ దూరాన్ని ఇంట్లోంచే కొలవొచ్చు. పాట్రిక్ మీనన్ అనే ఇంజినీరు తయారుచేయగా 2008లో అందరికీ అందుబాటులోకి వచ్చిన వెబ్‌పేజ్‌టెస్ట్‌లో, పరీక్ష ఏ ఊరి నుంచి జరగాలో మనమే ఎంచుకోవచ్చు. ఒకసారి భారత్‌లోని ఊరు, ఒకసారి అమెరికా ఊరు పెట్టి చూడండి. ఊరు ఎంచుకోకుండా పరీక్షిస్తే, అమెరికా నుంచో ఐరోపా నుంచో కొలిచిన అంకెను తణుకు అంకె అనుకుని మోసపోతాం.

ఖాళీ సైటు... కిక్కిరిసిన సైటు

దూరం సరిచేసుకున్నాం. పేజీ ఒక్క సెకనులో వస్తోంది. ఇక అంతా బాగున్నట్టేనా? అది ఒక్కరు చూస్తున్నప్పటి మాట. పండగ ముందు ఆదివారం రాత్రి ఒకేసారి కొన్ని వందల మంది వస్తే?

1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తదితరులు ఆంధ్రా షుగర్స్‌ను నెలకొల్పిన ఊరు తణుకు. క్రషింగ్ సీజన్లో ఫ్యాక్టరీ ముందు బారులుతీరిన చెరకు బండ్లు ఇక్కడి పెద్దలకు బాగా గుర్తు. మిల్లు గంటకు ఆడే చెరకు ఇంత అని ఉంటుంది. అంతకు మించి బండ్లు వస్తే మిల్లు వేగం పెరగదు, బారు పెరుగుతుంది. సర్వర్ సంగతీ అంతే.

వర్డ్‌ప్రెస్ సైటులో ఒక్కో అభ్యర్థన మీద పనిచేసే ప్రక్రియను పీహెచ్‌పీ వర్కర్ అంటారు. ఒక వర్కర్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. మీ ప్లాన్‌లో నలుగురు వర్కర్లున్నారు, ఒక్కో పనికి అర సెకను పడుతుంది అనుకుందాం. సెకనుకు తెమిలేవి 8. పండగ రద్దీలో సెకనుకు 20 వచ్చాయనుకోండి, ప్రతి సెకనుకూ 12 మిగిలిపోతాయి. నిమిషం తిరిగేసరికి 720 బారులో ఉంటాయి. ఆ క్షణాన వచ్చినవారి వంతు రావడానికి 90 సెకన్లు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. ఆగినా, ఈలోపే సర్వర్ చేతులెత్తేసి ‘504’ అనో ‘502’ అనో తెల్ల పేజీ చూపిస్తుంది. విసిగిపోయినవారు మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొడతారు. అవన్నీ కొత్త అభ్యర్థనలై బారు ఇంకా పొడుగవుతుంది.

మేనేజ్డ్ హోస్టింగ్ కంపెనీలు దీనికి వాడే మందు క్యాషింగ్. ఒకరికోసం తయారుచేసిన పేజీ నకలును దాచి, తర్వాత వచ్చినవారికి దాన్నే ఇచ్చేస్తారు. వర్కర్‌తో పని లేదు. హోంపేజీకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ప్రకటనల్లో చూపించే మెరుపు వేగమంతా దాదాపు ఈ నకలు పేజీదే. కానీ ఒకరి బుట్ట ఇంకొకరికి చూపించలేం. చెల్లింపు పేజీని దాచిపెట్టలేం. సైటులో వెతికే మాటా ఒక్కొక్కరిది ఒక్కోటి. అంటే సరిగ్గా డబ్బు వచ్చే చోటే నకలు పనికిరాదు. హోస్టింగ్ అసలు సత్తా అక్కడే తేలుతుంది. కాబట్టి పరీక్ష హోంపేజీతో ఆపొద్దు. వస్తువు వెతకడం, బుట్టలో వేయడం, పిన్‌కోడ్ ఇవ్వడం, చెల్లింపు పేజీ దాకా వెళ్లడం... ప్రతి మెట్టునూ విడిగా కొలవాలి. కంపెనీని అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ‘ఈ ప్లాన్‌లో పీహెచ్‌పీ వర్కర్లు ఎందరు?’ అన్నదే.

చెరకు సీజన్లో ఫ్యాక్టరీలు కటింగ్ ఆర్డర్లు ఇచ్చి, ఎవరి చెరకు ఎప్పుడు రావాలో ముందే చెప్పేవి. తిరుమల తిరుపతి దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదల చేసే ఉదయం, సైటు తెరవగానే మనల్ని వర్చువల్ క్యూలో నిలబెట్టి ఇంతసేపు ఆగండి అని చూపించేది ఆ పద్ధతిలోనే. విద్యార్థుల ఫలితాల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రద్దీని పంచే దారి పట్టింది. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ద్వారా, అదే ఏడాది ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలు, 23న పదో తరగతి ఫలితాలు సైటుతోపాటు నేరుగా ఫోన్లకూ అందాయి. ఒకే గుమ్మం దగ్గర అందరూ తోసుకోకుండా చూడటం కూడా సామర్థ్యం పెంచడమే.

రద్దీని ముందే సృష్టించి చూసుకోవడానికి కే6, జేమీటర్ లాంటి ఉచిత పనిముట్లున్నాయి. ఎన్ని వందల మంది ఒకేసారి వచ్చినట్టు నటించాలో చెప్తే అవి సైటు మీదికి వెళ్తాయి. కిందటి సంక్రాంతికి అన్నిటికన్నా రద్దీగా ఉన్న గంట ఏదో తీసి, దానికి మూడింతలు పెట్టి చూడండి. అయితే హోస్టింగ్ కంపెనీ అనుమతి తీసుకున్నాకే చేయాలి, లేదంటే దాన్ని దాడి అనుకుని సైటునే ఆపేస్తారు. ఫలితంలో సగటును నమ్మొద్దు. వంద మందిలో 90 మందికి ఒక్క సెకనులో, పదిమందికి 20 సెకన్లలో పేజీ వస్తే సగటు 2.9 సెకన్లు. చూడటానికి ఫరవాలేదనిపిస్తుంది కానీ పదిమంది బేరం పోయింది. అందుకే వందలో 95వ మనిషికి ఎంత పట్టిందో, ఎన్ని అభ్యర్థనలు ఎర్రర్‌తో వెనక్కి పోయాయో చూడాలి.

స్కోరు వందకు వంద... అయితే?

సైటు వేగం అనగానే అందరూ తెరిచేది గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్. అందులో పెద్ద వలయంలో కనిపించే అంకె చూసి సంబరపడటమో బెంగపడటమో చేస్తారు. నిజానికి ఆ పేజీలో రెండు వేర్వేరు విషయాలుంటాయి. వలయంలోని అంకె ప్రయోగశాలది. మధ్యరకం ఫోను, సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్టు ఉన్నట్టు ఊహించి ఒక్కసారి కొలిచింది. దానికి పైన, తగినంతమంది సందర్శకులున్న సైట్లకు మాత్రమే, గత 28 రోజుల్లో నిజంగా క్రోమ్‌లో ఆ సైటు చూసినవారి అనుభవం ఉంటుంది. ఆ రెండోదే విలువైంది.

అందులో చూడాల్సినవి మూడు. పేజీలో ప్రధానమైన బొమ్మో రాతో 2.5 సెకన్లలో కనిపించాలి, దీన్ని ఎల్‌సీపీ అంటారు. బటన్ నొక్కితే 200 మిల్లీ సెకన్లలో కదలిక ఉండాలి, ఇది ఐఎన్‌పీ. 2024 మార్చి 12 నుంచి అమల్లోకి వచ్చింది. చదువుతుండగా పేజీ కిందికీ మీదికీ గెంతకూడదు, దీనికి సీఎల్‌ఎస్ అని పేరు, 0.1 దాటకూడదు. వందలో కనీసం 75 మందికి ఈ హద్దుల్లో ఉంటేనే పాస్.

ఈ అంకెలతోనే తప్పెవరిదో తేల్చొచ్చు. తొలి ముక్క రావడానికే ఆలస్యమవుతుంటే దోషం హోస్టింగ్‌ది లేదా సర్వర్లో నడిచే ప్లగిన్‌లది, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకున్న అదనపు సాఫ్ట్‌వేర్‌ది. తొలి ముక్క చకచకా వచ్చి, బొమ్మ కనిపించడానికి మాత్రం ఆలస్యమైతే హోస్టింగ్ మార్చి లాభం లేదు, దోషం మన పేజీలో ఉంది. ఈ తేడా తెలియక ఏటా కంపెనీలు మారుస్తూ డబ్బు పోసేవారెందరో!

అక్షరం తేలిక... ఫొటో బరువు

తెలుగు సైటుకు ఒక ప్రత్యేకత ఉంది. కంప్యూటర్ నిల్వలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికీ గుణింతపు గుర్తుకూ వేర్వేరుగా మూడేసి బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మూడక్షరాల మాటకు త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము... ఆరు గుర్తులు, 18 బైట్లు. దీన్ని చూసి తెలుగు పెడితే సైటు బరువెక్కుతుందని కొందరు ఇంగ్లిష్‌కే పరిమితమవుతారు. ఆ భయం అక్కర్లేదు. పత్రికలో అచ్చయ్యే పెద్ద వ్యాసమైనా కొన్ని పదుల కిలోబైట్లే. సర్వర్ దాన్ని కుదించి పంపేసరికి ఇంకా చిన్నదైపోతుంది.

అసలు బరువు ఫొటోలది. ఫోన్లో తీసిన పూతరేకుల ఫొటో ఒక్కటే 4 మెగాబైట్లు ఉంటుంది. సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్టులో అది దిగడానికి 20 సెకన్లు కావాలి. అదే ఫొటోను ఫోను తెరకు సరిపడా తగ్గించి, వెబ్‌పీ పద్ధతిలోకి మారిస్తే వంద కిలోబైట్ల దగ్గరికి వస్తుంది, అర సెకనులో దిగుతుంది. పూతరేకు పొరలు అప్పుడూ అంతే స్పష్టంగా కనిపిస్తాయి.

తర్వాతి బరువు ఫాంట్లది. ఒత్తులు, గుణింతాల కలయికలు లెక్కలేనన్ని కాబట్టి తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లిష్ ఫాంటు కన్నా పెద్దది. సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, ధూర్జటి, పెద్దన లాంటి చక్కని ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయని సంతోషించి, ఒకే పేజీలో నాలుగు రకాలు వాడితే నాలుగు ఫైళ్లూ దిగాలి. అవి దిగేలోపు ఫోన్లో ఉన్న మామూలు తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. అసలు ఫాంటు రాగానే ఒత్తుల లోతు, వరసల మధ్య ఎడం మారి పేజీ మొత్తం జరుగుతుంది. కొనుగోలుదారు ‘బుట్టలో వేయి’ నొక్కబోతే వేలు ఇంకోదాని మీద పడుతుంది. ఇందాక చెప్పిన గెంతు ఇదే. శీర్షికలకు ఒకటి, చదివే రాతకు ఒకటి, రెండే ఫాంట్లతో సరిపెట్టుకుంటే ఈ బెడద చాలావరకు పోతుంది. మంచి తెలుగు మంచి వేగంతో చూపించడం పూర్తిగా మన చేతుల్లో ఉన్న పని.

పడిపోతే లేపేదెవరు?

వేగం ఎంతున్నా సైటు లేచి ఉంటేనే. 99 శాతం సమయం నడుస్తుంది అంటే గొప్పగా వినిపిస్తుంది. లెక్కేస్తే నెలకు 7 గంటలకు పైగా మూత. 99.9 శాతమైతే 43 నిమిషాలు, 99.99 శాతమైతే 4 నిమిషాలు. ఆ 43 నిమిషాలు ఎప్పుడొస్తాయన్నది ఇంకా ముఖ్యం. అమెరికా తూర్పు తీరం కంపెనీ, తమకు చలికాలపు అర్ధరాత్రి దాటి 2 గంటలకు మరమ్మతు పెట్టుకుంటే మనకది మధ్యాహ్నం పన్నెండున్నర. వాళ్లకు జనం లేని వేళ, మనకు బేరం నడిచే వేళ. మరమ్మతు సమయాన్ని మన గడియారం ప్రకారం పెడతారో లేదో ముందే అడగాలి. ఐదు నిమిషాలకోసారి సైటు తలుపు తట్టి చూసి, పడిపోతే ఫోనుకు కబురు పంపే అప్‌టైమ్ రోబో లాంటి సేవలు ఉన్నాయి. కంపెనీ చెప్పే శాతం పక్కన మన లెక్కా ఉండాలి.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ ఒకటి మంటల్లో కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవారు రెండూ పోగొట్టుకున్నారు. బ్యాకప్ ఉందా అని అడిగితే చాలదు, ఏ ఊళ్లో ఉంది, ఎన్ని రోజులది, వెనక్కి తేవడానికి ఎంతసేపు పడుతుంది అని అడగాలి. పండగకు ముందు ఒకసారి నకలు సైటు మీద వెనక్కి తెచ్చి చూసుకోవాలి. సొంత కాపీ ఒకటి మన దగ్గరా ఉండాలి. 2024 సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ సారథికీ డబ్ల్యూపీ ఇంజిన్‌కూ గొడవ వచ్చి, ఆ కంపెనీకి వర్డ్‌ప్రెస్ భాండాగారం నుంచి అప్‌డేట్లు ఆగిపోయాయి. డిసెంబరులో కోర్టు ఆదేశించాక పునరుద్ధరణ జరిగింది. మధ్యలో ఇబ్బందిపడింది ఏ పాపమూ ఎరగని ఖాతాదారులు. ఎంత మంచి కంపెనీ అయినా, అవసరమైతే మూటాముల్లె సర్దుకుని బయటపడే దారి ఉంచుకోవడం యజమాని ధర్మం.

డబ్బు కట్టే ముందు అడగండి

* సర్వర్ ఏ ఊళ్లో ఉంది? ముంబయి, హైదరాబాద్ ఎంచుకునే వీలుందా? సీడీఎన్ ప్లాన్‌లోనే ఉందా, విడిగా కట్టాలా?

* పీహెచ్‌పీ వర్కర్లు ఎందరు? రద్దీ రోజుల్లో రెండు వారాలకోసం పెంచి, తర్వాత తగ్గించుకోవచ్చా?

* నెలకు ఎన్ని సందర్శనలకు అనుమతి? దాటితే అదనపు రుసుమా, సైటు ఆపేయడమా? సెర్చి ఇంజిన్లు, ఏఐ సంస్థలు పంపే రోబోల రాకపోకలను కూడా సందర్శనల్లో కలుపుతారా?

* మొదటి ఏడాది ధర సరే, రెన్యువల్ ధర ఎంత? జీఎస్టీ కలిపా? బిల్లు డాలర్లలోనా, రూపాయల్లోనా?

* మన వేళల్లో సాయం అందుతుందా? కొనకముందే రాత్రి పదింటికి ఒక సాంకేతిక ప్రశ్న పంపి, ఎంతసేపట్లో, ఎంత తెలిసి బదులిచ్చారో చూడండి.

* నచ్చకపోతే డబ్బు వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులు?

పోల్చే పద్ధతి ఇదీ

ఇంటర్నెట్‌లో ‘టాప్ 10 హోస్టింగ్’ జాబితాలు బోలెడు. వాటిలో చాలావాటికి మనం కొంటే కంపెనీ నుంచి కమీషన్ ముడుతుంది. వాటిని సలహాగా కాక ప్రకటనగా చదవాలి. అమెరికాలో కెవిన్ ఒహాషీ ‘రివ్యూ సిగ్నల్’ పేరిట ఏళ్లపాటు చేసిన పరీక్షల్లో నేర్చుకోదగ్గ క్రమశిక్షణ ఉంది. ఒకే నమూనా సైటును అన్ని కంపెనీల్లో పెట్టి, ఒకే రకం రద్దీని అందరి మీదికీ పంపి, ఎంతకాలం లేచి ఉన్నాయో విడిగా కనిపెట్టి చూశారు. విజేత ఎవరన్నది మనకు ముఖ్యం కాదు, ఆ పద్ధతి ముఖ్యం.

అదే పద్ధతిని తణుకులో చిన్న స్థాయిలో ఎవరైనా అనుసరించొచ్చు. డబ్బు వెనక్కిచ్చే గడువున్న రెండు కంపెనీల్లో మీ సైటు నకలు పెట్టండి. ఫొటోలు, ప్లగిన్‌లు అన్నీ రెండుచోట్లా ఒకటే ఉండాలి. ఒక వారం పాటు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కొలవండి. వైఫై ఆపి, మొబైల్ డేటాతో, ప్రైవేట్ విండోలో, షాపులో అందరికన్నా పాత ఫోను ఎవరిదో అడిగి తీసుకుని చూడండి. అమెరికాలో ఉన్న బంధువు ఒకరిని చెల్లింపు పేజీ దాకా వెళ్లి, తెర వీడియో పంపమనండి. అంకెలన్నీ ఒక కాగితం మీద రాస్తే ఎవరిని ఎంచుకోవాలో వేరే చెప్పాల్సిన పనుండదు. ఏటా ప్రాజెక్టు కోసం వెతుక్కునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఇంతకన్నా ఉపయోగపడే పని ఏముంటుంది? ఒక్కో జట్టు ఒక్కో దుకాణాన్నో, పాఠశాలనో, సహకార సంఘాన్నో తీసుకుని పరీక్షించి నివేదిక ఇస్తే, కాలేజీకీ ఊరికీ రెంటికీ మేలు.

డేటా సెంటర్లు ఏటికేడాది మనకు దగ్గరవుతున్నాయి. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో భారీ కేంద్రం పెడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. దూరం తగ్గించే పనిని అలాంటి పెద్ద సంస్థలు చూసుకుంటాయి. బరువైన ఫొటోను తగ్గించడం, అక్కర్లేని ప్లగిన్ తీసేయడం, చాలినంత సామర్థ్యం కొనడం, పండగకు ముందే పరీక్షించడం మాత్రం ఏ విదేశీ కంపెనీ వచ్చీ మన బదులు చేయదు. 2016లో గూగుల్ చేసిన అధ్యయనంలో, మొబైల్ పేజీ మూడు సెకన్లలో తెరుచుకోకపోతే సగానికి పైగా జనం వెళ్లిపోతారని తేలింది. చేతి వేళ్లు కాలేలా వేడి కుండ మీద పూతరేకు తీసే మహిళ కష్టం ఆ మూడు సెకన్ల దగ్గర ఆగిపోకూడదు. సంక్రాంతి రద్దీకి రెండు నెలల ముందే, కార్తికంలోనే ఈ పరీక్ష పెట్టుకోండి. తప్పులు బయటపడితే దిద్దుకోవడానికి అప్పుడే సమయం ఉంటుంది.